వేల్స్, వలోనియా, వల్లాకియా, పోలిష్ వారి ఇటలీ: వీటన్నిటి వెనక ఉన్నది ఒకే పదమా?

ప్రశ్న: పదాన్వేషి

యూరపు దేశాల పేర్లు ఇరుగుపొరుగు భాషల్లో ఎలా ఉన్నాయో పోల్చి చూస్తుంటే ఒక విషయం అంతుపట్టడం లేదు. ఇటలీని ఆ ఖండంలో దాదాపు అందరూ ఇటాలియా, ఇటాలీ, ఇటాలియెన్ వంటి రూపాలతోనే పిలుస్తారు. పోలిష్ వారు మాత్రం ఆ దేశాన్ని "వ్లోఖి" అంటారు, హంగేరియన్లు "ఒలసోర్సాగ్" అంటారు. ఈ రెండింటిలోనూ ఇటాలియా జాడే లేదు. మరోవైపు, రుమేనియా దక్షిణ భాగానికి పాత పేరు వల్లాకియా, బెల్జియంలో ఫ్రెంచి మాట్లాడే ప్రాంతం వలోనియా, బ్రిటన్‌కు పడమట ఉన్నది వేల్స్. ఇవన్నీ ఒకే మూలం నుంచి పుట్టాయని, ఆ మూలపదానికి "పరాయివాడు" అని అర్థమని ఒకచోట ఒక్క వాక్యంలో తేల్చేశారు.

ఒకదానికొకటి ఇంత దూరంగా ఉన్న నాలుగు ప్రాంతాలకు ఒకే పదం పేరుగా మారడం ఎలా సాధ్యమైంది? "పరాయివాడు" అనే అర్థం సరైనదేనా? ఈ లెక్కన స్విట్జర్లాండ్‌లోని వాలిస్, నార్స్ పురాణాల్లోని వల్హల్లా కూడా ఈ కుటుంబంలోకి వస్తాయా? ధ్వని మార్పులతో సహా వివరించగలిగిన వారు దయచేసి రాయండి.

---

జవాబు: తులనాత్మకం

మీరు చెప్పిన నాలుగూ ఒకే మూలం నుంచి వచ్చినవే. వాలిస్, వల్హల్లా ఆ కుటుంబానికి చెందవు, వాటి సంగతి మరొకరు రాస్తారని ఆశిస్తాను.

ఈ కథ ఒక కెల్టిక్ తెగతో మొదలవుతుంది. లాటిన్ రచయితలు ఆ తెగను వోల్కాయ్ అని పిలిచారు. ఆ తెగకు చెందిన ఒక శాఖ దక్షిణ గాల్‌లో (గాల్ అంటే స్థూలంగా నేటి ఫ్రాన్స్ ప్రాంతపు ప్రాచీన నామం), నేటి తులూజ్ పరిసరాల్లో ఉండేది. మరో శాఖ నీమ్ ప్రాంతంలో ఉండేది. జూలియస్ సీజర్ తన గాల్ యుద్ధ వృత్తాంతం ఆరో భాగంలో, ఈ వోల్కాయ్‌లలో కొందరు రైన్ నది దాటి హెర్కీనియా అరణ్యం చుట్టుపక్కల సారవంతమైన నేలల్లో స్థిరపడ్డారని రాశాడు. అంటే వారు జర్మానిక్ తెగలకు (జర్మన్, ఆంగ్లం, డచ్, స్వీడిష్ వంటి భాషల మూలభాష మాట్లాడినవారికి) ఆనుకునే బతికారన్నమాట. తమకు అందరికంటే దగ్గరగా ఉన్న కెల్టిక్ తెగ పేరునే జర్మానిక్ వారు కెల్టులందరికీ వాడారు. ఒక తెగ పేరు జాతి మొత్తానికి పేరు కావడం యూరపులో కొత్త కాదు. ఫ్రెంచివారు జర్మన్లందరినీ "అలమాన్" అనడం కూడా అలమాన్నీ అనే ఒక్క తెగ పేరు వల్లనే.

ఆ కెల్టిక్ పేరు జర్మానిక్ భాషలోకి వచ్చాక "వల్హజ్" అయింది. ఇది పునర్నిర్మిత రూపం, అంటే రాతల్లో దొరకనిది, తర్వాతి భాషల రూపాలను పోల్చి రాబట్టినది, కాబట్టి నిఘంటువుల్లో దీని ముందు నక్షత్రం గుర్తు ఉంటుంది. "వోల్క్" అన్నది "వల్హ్" కావాలంటే రెండు మార్పులు జరగాలి: హ్రస్వ "ఒ" కాస్తా "అ" కావాలి, "క" కాస్తా "హ" కావాలి. ఈ రెండు మార్పులనూ కలిపి చూపించే పదం లాటిన్‌లో "ఎనిమిది" అనే అర్థమున్న "ఒక్తో". జర్మన్‌లో దానికి సోదరపదం "ఆఖ్త్". మొదటి అచ్చు "అ" అయింది, "క" ఊదినట్టుగా పలికే హకారం అయింది. వోల్కాయ్ పేరులోనూ జరిగింది అచ్చంగా ఇదే. దీన్ని బట్టి ఆ పేరు జర్మానిక్ భాషలోకి ఎప్పుడు వచ్చిందో కూడా స్థూలంగా తెలుస్తుంది. "క"లు "హ"లుగా మారిపోవడం ముగిసిన తర్వాత వచ్చి ఉంటే ఆ పేరు కకారంతోనే మిగిలిపోయేది.

ఆ తర్వాత రోమన్లు గాల్‌ను జయించారు, అక్కడి కెల్టులు క్రమంగా లాటిన్ మాట్లాడసాగారు. ఎదుటి వాళ్ల భాష మారిపోయినా జర్మానిక్ వారు వాడే పేరు మారలేదు. అదే పదం ఇప్పుడు లాటిన్ మాట్లాడేవారిని సూచించసాగింది. కెల్టులు లాటిన్ మాట్లాడని బ్రిటన్ భాగాల్లో మాత్రం అది కెల్టుల పేరుగానే నిలిచింది. ఈ ఒక్క చీలిక గుర్తుంటే వేల్స్‌కూ వలోనియాకూ చుట్టరికం ఎలా కలిసిందో తెలిసిపోతుంది.

ప్రాచీన ఆంగ్లంలో ఆ పదం "వెయల్హ్", దాని బహువచనం "వెయలాస్". ఈ బహువచనమే "వేల్స్" అనే దేశనామం అయింది, విశేషణ రూపం "వెల్ష్" అయింది. కార్న్‌వాల్ పేరులోని రెండో సగమూ ఇదే. ఇంగ్లండులో వాల్టన్ అనే ఊళ్లు చాలా ఉన్నాయి. వాటిలో కొన్ని "బ్రిటన్ల పల్లె" అనే అర్థంలో పుట్టినవే. మిగిలిన వాటిలో గోడ అనో అడవి అనో అర్థమిచ్చే వేరే మాటలు ఉన్నాయి కాబట్టి ప్రతి వాల్టన్‌నూ ఈ ఖాతాలో వేయకూడదు. వాల్ష్, వాలెస్ అనే ఇంటిపేర్లకు మూలం ఇదే. వాల్ష్‌కు సమానంగా ఐరిష్‌లో వాడే ఇంటిపేరు "బ్రెహ్నాఖ్", అంటే "బ్రిటన్‌వాడు".

డచ్‌లో వలోనియా ప్రజలు మాట్లాడేది "వాల్స్". జర్మన్‌లో "వెల్ష్" అంటే ఇటాలియన్ గానీ ఫ్రెంచి గానీ, మొత్తానికి లాటిన్ నుంచి పుట్టిన భాషకు సంబంధించినది. ఇటలీకి పాత జర్మన్ పేరు "వెల్ష్‌లాండ్". స్విట్జర్లాండులో జర్మన్ మాట్లాడేవారు తమ ఫ్రెంచి సోదరులను నేటికీ "వెల్ష్" అంటారు. అర్థం కాని గజిబిజి మాటలను జర్మన్‌లో "కౌడర్‌వెల్ష్" అంటారు, డచ్‌లో "కూటర్‌వాల్స్" అంటారు. దొంగలు, బిచ్చగాళ్లు తమలో తాము వాడుకున్న రహస్య భాష పేరు "రోట్‌వెల్ష్". బవేరియాలోని వాల్‌ఖెన్ సరస్సు, స్విట్జర్లాండులోని వాలెన్ సరస్సు ఒకప్పుడు వాటి ఒడ్డున లాటిన్ సంతతి భాష మాట్లాడేవారు ఉండేవారని చెప్పకనే చెబుతున్నాయి.

ఈ పదానికి ఉన్న పాత సాక్ష్యాల్లో నాకు బాగా నచ్చినది స్వీడన్ దక్షిణ తీరంలోని ట్యుర్కో ద్వీపంలో 1817లో దొరికిన ఒక బంగారు పతకం. అయిదు లేదా ఆరో శతాబ్దానికి చెందిన ఆ పతకం మీద, ఫలానా వ్యక్తి కోసం "వల్హకుర్నె" మీద రూన్ అక్షరాలు (జర్మానిక్ వారి ప్రాచీన లిపి) చెక్కానని చేసినవాడు రాసుకున్నాడు. ఆ సమాసానికి మాటకు మాట అర్థం "వల్హుల గింజ". అంటే బంగారం. ఉత్తరాదికి బంగారం ఎక్కువగా రోమన్ నాణేల రూపంలో వచ్చేది, వాటిని కరిగించే ఇలాంటి పతకాలు చేసేవారు. అందువల్ల "రోమన్ గింజ" అన్న మాట బంగారానికి చక్కగా అమరింది.

---

జవాబు: స్లావు భాషల విద్యార్థి

పైవారు జర్మానిక్ భాషల సంగతి వివరించారు కాబట్టి నేను తూర్పు వైపు సంగతి చెబుతాను. అసలు ప్రశ్న మొదలైంది పోలిష్‌తోనే కదా.

స్లావులు ఈ పదాన్ని జర్మానిక్ వారి దగ్గర ఎరువు తీసుకున్నారు. ఆనాటి స్లావు రూపం సుమారుగా "వోల్ఖు". తరువాత స్లావు భాషల్లో ఒక పెద్ద మార్పు వచ్చింది. అచ్చు తర్వాత లకారమో రేఫమో వచ్చి, దాని వెంటనే మరో హల్లు ఉంటే, ఆ కలయికను ఒక్కో ప్రాంతం ఒక్కో రకంగా సడలించింది. దక్షిణాన, చెక్‌లో అచ్చూ లకారమూ చోటు మార్చుకుని అచ్చు "ఆ" అయింది. వ్యాకరణంలో దీన్నే వర్ణవ్యత్యయం అంటారు. పోలిష్‌లోనూ చోటు మారింది గానీ అచ్చు "ఒ"గానే ఉండిపోయింది. రష్యన్, ఉక్రేనియన్‌లలో చోటు మారలేదు, లకారానికి రెండు వైపులా "ఒ" వచ్చి చేరింది. బంగారం అనే పదంలో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది: చెక్ "జ్లాతో", పోలిష్ "జ్లోతో", రష్యన్ "జోలోతో". పోలండ్ కరెన్సీ జ్లోటీ పేరు దీని నుంచి వచ్చినదే. ఇప్పుడు మన పదాన్ని దాని పక్కన పెట్టండి: చెక్ "వ్లాఖ్", పోలిష్ "వ్లోఖ్", తూర్పు స్లావు "వోలోఖ్". ఎక్కడా మినహాయింపు లేదు. ఈ మార్పు జరగక ముందే పదం స్లావుల నోట్లోకి వచ్చిందనడానికి ఇంతకంటే గట్టి ఆధారం అక్కరలేదు. పోలిష్ పదాలను ఇక్కడ రాతను బట్టి లకారంతో రాశాను. ఆ అక్షరాన్ని నేటి పోలిష్ వారు వకారానికి దగ్గరగా పలుకుతారు.

అర్థం మాత్రం రెండుగా చీలింది. పడమటి స్లావులకు లాటిన్ సంతతి భాష మాట్లాడే పొరుగువారంటే ఇటాలియన్లు. అందుకే పోలిష్ వ్లోఖ్ అంటే ఇటాలియన్, బహువచనమైన వ్లోఖి అంటే ఆ దేశం. పాత చెక్‌లోనూ వ్లాఖ్ అంటే ఇటాలియనే. స్లొవీన్‌లో ఇటాలియన్లను కించపరుస్తూ అనే "లాహ్" కూడా ఈ పదమే. బాల్కన్ ద్వీపకల్పంలో లాటిన్ సంతతి భాష మాట్లాడేవారంటే నేటి రుమేనియన్ల, వారి భాషకు దగ్గరి భాష మాట్లాడే అరుమేనియన్ల పూర్వికులు. అక్కడ వ్లాఖ్ అంటే వారే, వారి దేశమే వల్లాకియా. దాన్ని తుర్కులు "ఎఫ్లాక్" అన్నారు. పోలిష్ వారికి ఈ రెండు జాతులతోనూ పరిచయం ఉంది కాబట్టి వారు ఇటాలియన్‌కు తమ సొంత రూపమైన వ్లోఖ్‌ను ఉంచుకుని, వల్లాకియా వారికి తూర్పు స్లావు రూపమైన "వోలోఖ్"ను తెచ్చుకున్నారు.

హంగేరియన్‌లో ఇంకా విచిత్రం ఉంది. ఒకే స్లావు పదం వారి భాషలోకి రెండు రూపాల్లో వచ్చింది. ఏకవచనం "ఒలాహ్" అయి రుమేనియన్లకు పేరైంది (నేడు అది తక్కువ చేసే మాటగా వినిపిస్తుంది). స్లావు బహువచనంలో చివరి "ఖ" సకారంగా మారుతుంది, ఆ రూపం నుంచి "ఒలస్" పుట్టి ఇటాలియన్లకు పేరైంది. మీరు అడిగిన ఒలసోర్సాగ్ అంటే "ఒలస్‌ల దేశం". మధ్యయుగ హంగేరీలో "ఒలసి" అనే పేరున్న ఊళ్లు కొన్ని ఇటాలియన్లవి కావు, వలోనియా వైపు నుంచి వచ్చి స్థిరపడినవారివి. నేటి స్లొవాకియాలో ఉన్న ఒక చిన్న పట్టణాన్నే చూడండి: స్లొవాక్‌లో అది స్పిష్‌స్కే వ్లాఖీ, హంగేరియన్‌లో సెపెషొలసి, జర్మన్‌లో వాలెన్‌డోర్ఫ్. మూడు పేర్లలోనూ ఉన్నది ఈ పదమే.

బాల్కన్లలో దీనికి మరో అర్థం కూడా కలిసింది. కొండల్లో గొర్రెల మందలు కాసుకుంటూ తిరిగేవారిలో వ్లాఖులు ఎక్కువ కావడంతో జాతి పేరు కాస్తా వృత్తి పేరు అయింది. 12వ శతాబ్దంలో బైజాంటియన్ రాకుమారి అన్నా కొమ్నీనీ, సంచార జీవనం గడిపేవారిని సామాన్యుల భాషలో వ్లాఖులంటారని తన చరిత్రలో రాసింది. సెర్బియా చక్రవర్తి దుషాన్ 1349లో ప్రకటించిన ధర్మశాసనంలోనూ వ్లాఖులు పశువులను మేపుకునే వర్గంగానే కనిపిస్తారు. గ్రీకులో "వ్లాఖోస్" అంటే నేటికీ మొరటు పల్లెటూరివాడు అనే అర్థం ఉంది. ఇలా ఒక మాట అర్థం చెడు వైపు దిగజారడాన్నే మన వ్యాకర్తలు అర్థగ్రామ్యత అంటారు. హాబ్స్‌బర్గ్ చక్రవర్తి రెండో ఫెర్డినాండ్ 1630లో సరిహద్దు ప్రాంతపు వ్లాఖులకు హక్కులిస్తూ ఒక శాసనం చేశాడు. అందులోని వ్లాఖులలో అధికభాగం స్లావు భాష మాట్లాడే ఆర్థడాక్స్ క్రైస్తవులు. అంటే అప్పటికి ఆ పదం భాషను వదిలేసి, మతాన్నీ సామాజిక స్థితినీ పట్టుకుంది. డాల్మేషియా తీరంలో, దీవుల్లో ఉండే క్రొయేషియన్లు లోపలి కొండ ప్రాంతాల వారిని "వ్లాయ్" అంటారు. వారి భాష ఒకటే, మతం ఒకటే. తేడా సముద్రానికి ఎంత దూరంలో ఉన్నారన్నదే.

---

జవాబు: మధ్యయుగాల చదువరి

పై రెండు జవాబులూ చాలా బాగున్నాయి. అయితే "పరాయివాడు" అనే అర్థం గురించి అడిగిన ప్రశ్నకు సమాధానం ఇంకా రాలేదు. నా ఉద్దేశంలో ఆ అనువాదం సగమే నిజం, కొన్ని సందర్భాల్లో తప్పుదారి పట్టిస్తుంది కూడా.

జర్మానిక్ తెగలకు పరాయివారు నాలుగు దిక్కులా ఉండేవారు. తూర్పున స్లావులు ఉన్నారు, వారిని "వెండ్" అన్నారు. ఉత్తరాన ఫిన్‌లు ఉన్నారు, వారినీ వల్హులని అనలేదు. వల్హజ్ అనే మాటకు "పరాయివాడు" అన్నదే అర్థమైతే వీరందరూ వల్హులే కావాలి. కాలేదు. ఆ మాట పడమటి, దక్షిణపు పొరుగువారికే పరిమితమైంది, అంటే కెల్టులకు, ఆ తర్వాత రోమన్ సామ్రాజ్యపు ప్రజలకు. కాబట్టి అది ఒక నిర్దిష్టమైన పొరుగు జాతి పేరు. "పరాయి" అనే ఛాయ దానికి అక్కడక్కడా తరువాత అంటుకున్నది.

దీనికి లిఖిత సాక్ష్యం 9వ శతాబ్దంలో ఉంది. కాసెల్ నగరంలో భద్రపరచిన ఒక రాతప్రతిలో లాటిన్ పదాలకూ వాక్యాలకూ బవేరియన్ జర్మన్ అర్థాలు పక్కపక్కనే రాసి ఉన్నాయి. భాష నేర్చుకునేవారి కోసం తయారైన ఆ జాబితాలో, నేటి సంభాషణ పుస్తకాల్లో లాగానే, శరీర భాగాలూ ఇంటి వస్తువులూ రోజువారీ మాటలూ కనిపిస్తాయి. ఉన్నట్టుండి మధ్యలో ఒక వాక్యం వస్తుంది: రోమన్లు తెలివితక్కువవారు, బవేరియన్లు తెలివైనవారు. లాటిన్ వైపున "రోమానీ" అని ఉన్నచోట జర్మన్ వైపున "వల్హా" అని ఉంది. రాసినవాడి దురభిమానం మాట ఎలా ఉన్నా, రోమన్ అంటే వల్హ్ అన్న సమీకరణం అతడి చేతిరాతలోనే మనకు దొరికింది.

ఇంగ్లండు సంగతి వేరు. అక్కడ ఆ పదం నిజంగానే దిగజారింది. వెస్సెక్స్ రాజు ఇనె ఏడో శతాబ్దం చివర్లో చేసిన చట్టాల్లో, ఒక మనిషిని చంపితే అతడి బంధువులకు చెల్లించవలసిన పరిహారం అంతస్తును బట్టి నిర్ణయించారు. అయిదు హైడ్‌ల భూమి ఉన్న వెయల్హ్‌కు ఆ పరిహారం 600 షిల్లింగులు. ఆంగ్ల ప్రభువర్గానికి చెందినవాడికి అది 1,200 షిల్లింగులు. ఇక్కడ గమనించవలసినవి రెండున్నాయి. వెయల్హ్ విలువ సగానికి సగం తగ్గింది. అయినా అతడు భూస్వామి, చట్టం దృష్టిలో ఒక హోదా ఉన్నవాడు. బానిస మాత్రం కాదు. కాలక్రమంలో అదే పదం బానిస అనే అర్థంలోనూ వాడుకలోకి వచ్చింది, దాని నుంచి పుట్టిన స్త్రీలింగ రూపం "విల్న్"కు దాసి అన్నదే అర్థం. ఓడిపోయిన జాతి పేరు బానిసకు పేరు కావడానికి యూరపులో ఇంకా పెద్ద ఉదాహరణ ఉంది: ఆంగ్లంలో బానిసను సూచించే "స్లేవ్" అనే మాట స్లావుల పేరు నుంచే వచ్చింది.

ఐరిష్‌లో మాత్రం ఇలాంటి ఒక పదం పూర్తిగా "పరాయివాడు" అనే అర్థానికి చేరుకుంది. "గాల్" అంటే మొదట గాల్ దేశస్థుడు, తరువాత వైకింగ్, ఆ తరువాత నార్మన్, చివరికి ఆంగ్లేయుడు. డొనెగాల్ అనే ఊరి పేరుకు "పరాయివారి కోట" అని అర్థం. ఎవరు వచ్చినా వారికి తగిలించగలిగేలా ఆ పదం వదులైపోయింది. వల్హజ్ ఎన్నడూ అంత వదులు కాలేదు.

---

పదాన్వేషి

అందరికీ కృతజ్ఞతలు. ఇంకో రెండు సందేహాలు మిగిలాయి. ఒకటి, ఆంగ్లంలో అక్రోటుకు "వాల్‌నట్" అన్న పేరులోని మొదటి భాగం కూడా ఇదేనా? రెండు, ఇది ఎప్పుడూ ఇతరులు పెట్టిన పేరే అయితే, ఆ ప్రజలు తమను తాము ఏమని పిలుచుకున్నారు? ఈ పదాన్ని తమ పేరుగా ఒప్పుకున్నవారు ఎవరైనా ఉన్నారా?

---

జవాబు: నిదానం

ముందు వాలిస్, వల్హల్లా సంగతి తేల్చేద్దాం. స్విస్ ప్రాంతం వాలిస్ పేరు లోయ అనే అర్థమున్న లాటిన్ "వల్లిస్" నుంచి వచ్చింది. రోన్ నది పై లోయే ఆ ప్రాంతమంతా. వల్హల్లాలోని మొదటి భాగం యుద్ధంలో నేలకొరిగినవారు అనే అర్థమున్న నార్స్ పదం. స్పెయిన్‌లోని వాలెన్సియా కూడా గుర్తొస్తే, దానికి మూలం బలం అనే అర్థమున్న లాటిన్ మాట. మూడింటికీ దీనితో బంధుత్వం లేదు.

చుట్టరికం లేనట్టు కనిపించి, నిజానికి ఉన్నది ఫ్రెంచిలో ఉంది. ప్రాచీన గాల్ దేశాన్ని ఫ్రెంచివారు "గోల్" అంటారు. అది లాటిన్ "గాల్లియా" నుంచి వచ్చిందనుకోవడం సహజమే గానీ ధ్వని నియమాలు ఒప్పుకోవు. లాటిన్‌లో పదం మొదట ఉన్న గకార హల్లు తర్వాత అకారం వస్తే ఆ హల్లు ఫ్రెంచిలో జకారం అవుతుంది. కాలు అనే అర్థమున్న "గాంబా" అలాగే "జాంబ్" అయింది. గాల్లియా సహజంగా పరిణమించి ఉంటే జకారంతో మొదలయ్యేది. జరిగినదేమిటంటే, ఫ్రాంకులు ఆ దేశాన్ని తమ జర్మానిక్ భాషలో వల్హుల దేశం అన్నారు, జర్మానిక్ వకారం పారిస్ వైపు ఫ్రెంచిలో గకారం అయింది. ఉత్తరపు మాండలికాల్లో వకారం అలాగే ఉండిపోయింది. ఈ తేడా మనందరికీ తెలియకుండానే తెలుసు: వారంటీ, గ్యారంటీ ఒకే పదానికి ఉన్న రెండు మాండలిక రూపాలు, ఆంగ్లం రెండింటినీ తీసుకుంది. వకారం నిలుపుకున్న ప్రాంతం వలోనియా, గకారంగా మారిన రూపం గోల్. ఫ్రెంచిలో వేల్స్ పేరైన "గాల్" కూడా ఇదే దారిలో వచ్చింది. కాబట్టి గాల్లియా, గోల్ అనే రెండు మాటలు ఒకే దేశాన్ని చెబుతున్నా, చూడటానికి కవలల్లా ఉన్నా, పుట్టుకలో వాటికి సంబంధం లేదు. ఈ మొత్తం కుటుంబంలో నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది ఇదే.

---

జవాబు: తులనాత్మకం

అక్రోటు విషయంలో మీ ఊహ సరైనదే. జర్మానిక్ వారికి తమ అడవుల్లో దొరికే కాయ హేజెల్. అక్రోటు వారికి గాల్, ఇటలీల వైపు నుంచి వచ్చింది కాబట్టి వల్హుల కాయ అన్నారు. లాటిన్‌లోనూ దాన్ని "గాల్ దేశపు కాయ" అనడం ఉంది. ప్రాచీన ఆంగ్లంలో ఈ పదం 11వ శతాబ్దపు పదపట్టికలో కనిపిస్తుంది. డచ్ "వాల్‌నోట్", జర్మన్ "వాల్‌నుస్" అదే సమాసం. స్లావులు తమ రూపంతో విడిగా ఇదే పేరు పెట్టుకున్నారు: పోలిష్‌లో "ఒజెఖ్ వ్లోస్కి", చెక్‌లో "వ్లాష్‌స్కీ ఒర్జెఖ్", ఉక్రేనియన్‌లో "వోలోస్కీ హొరీఖ్". రష్యన్లు మాత్రం గ్రీకు కాయ అంటారు. పోలిష్‌లో సూప్‌లోకి వాడే క్యారెట్, సెలెరీ, లీక్ వంటి కూరల కట్టను "వ్లోష్చిజ్నా" అంటారు, అంటే "ఇటాలియన్ సరుకు". ఇటలీ నుంచి వచ్చి 1518లో పోలండ్ రాజు మొదటి జిగ్మంట్‌ను పెళ్లాడిన బోనా స్ఫోర్జాకు ఈ మాటను ముడిపెట్టడం అక్కడ పరిపాటి.

కాయల దగ్గరే ఆగిపోలేదు. జర్మన్‌లో వృషణాలు తీసేసిన మగ గుర్రాన్ని "వాలాఖ్" అంటారు. అలాంటి గుర్రాలు వల్లాకియా నుంచి వచ్చేవి, ఆ ప్రాంతం పేరే వాటికి స్థిరపడింది. ఫ్రెంచిలో వాటినే హంగేరీ పేరుతో "ఓంగ్ర్" అనడం ఇలాంటిదే. అంటే జర్మన్లు తాము స్లావులకు ఇచ్చిన పదాన్ని వేరే అర్థంతో తిరిగి తెచ్చుకున్నారు. స్వీడిష్‌లో ఈ దారులన్నీ కలుస్తాయి. ఫ్రెంచి, ఇటాలియన్ వారిని సూచించే "వెల్స్క్", అక్రోటు అనే "వాల్‌నోత్", ఆ రకం గుర్రం అనే "వాలక్" మూడూ ఆ ఒక్క తెగ పేరు నుంచి వచ్చినవే. స్వీడిష్ మాట్లాడేవారికి వీటి మధ్య సంబంధం ఉన్నట్టు తోచే అవకాశమే లేదు.

---

జవాబు: మధ్యయుగాల చదువరి

సొంత పేర్ల సంగతి నేను చెబుతాను. వేల్స్ వారు తమను "కమ్రి" అంటారు, దేశమూ కమ్రీయే, రాతలో మాత్రమే చిన్న తేడా. దాని మూలార్థం "ఒకే నేలకు చెందిన తోటివారు". ఉత్తర ఇంగ్లండులోని కంబ్రియా పేరు కూడా ఆ పదమే. కార్న్‌వాల్ వారు తమ దేశాన్ని "కెర్నో" అంటారు. రుమేనియన్లు రోమన్ అనే పదం నుంచి వచ్చిన "రొమిన్" అనే పేరునే వాడుకున్నారు. చేతికి దొరికిన రుమేనియన్ రచనల్లో తేదీ తెలిసిన అన్నిటికంటే పాతది వర్తకుడు నేయక్షు 1521లో రాసిన లేఖ. ఇతరులు వల్లాకియా అన్న దేశాన్ని అతడు "రుమేనియన్ దేశం" అనే రాశాడు. 1859లో వల్లాకియా, మోల్డావియాలు కలిసి ఒక్క రాజ్యమయ్యాక, ఆ రాజ్యానికి నిలిచిన పేరు రుమేనియా. స్విస్ ఫ్రెంచివారిని జర్మన్లు వెల్ష్ అన్నా, వారు తమను "రొమాన్" అంటారు.

ఒప్పుకున్నవారూ ఉన్నారు. వలోనియా ప్రజలు "వలోన్" అనే పేరును పూర్తిగా సొంతం చేసుకున్నారు, తమ మాండలికాన్నీ అదే పేరుతో పిలుచుకుంటారు. 19వ శతాబ్దంలో పుట్టిన వలోనియా అనే దేశనామం ఆ మమకారం నుంచి వచ్చినదే. బాల్కన్లలో గ్రీసుకూ ఉత్తర మాసిడోనియాకూ మధ్యనున్న మెగ్లెన్ ప్రాంతంలో రుమేనియన్‌కు దగ్గరి భాష మాట్లాడే చిన్న జనం ఉంది. వారి బంధువులైన అరుమేనియన్లు తమను "అర్మిన్" అని, అంటే రోమన్ అనే పదం నుంచి వచ్చిన పేరుతోనే, పిలుచుకుంటుండగా ఈ మెగ్లెన్ వారు మాత్రం పాత పేరును వదిలేసి, స్లావు పొరుగువారి నోట విన్న "వ్లాష్" అనే మాటనే తమ పేరుగా చెప్పుకుంటారు.